తప్పనిసరి అన్న మాటలో తప్పు కూడా ఉంది

విజయవాడలో ఏటా అంతర్ కళాశాలల వక్తృత్వ పోటీ జరిపే నిర్వాహక సంఘం వారికి,

నమస్కారం.

పోయిన నెల మీ పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. గుంటూరు నుంచి రానూపోనూ ఛార్జీలు ఇచ్చారు, శాలువా కప్పారు, మధ్యాహ్నం పులిహోర, దద్దోజనం పెట్టారు. మర్యాదలో లోటేమీ లేదు. ఈ లేఖ మర్యాద గురించి కాదు. ఆ సాయంత్రం మార్కుల షీటు మీద నేను చేసిన సంతకాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. ఈ మాట మీకు ఫోనులో చెబితే సరిపోయేది, రెండుసార్లు చెప్పాను కూడా. "ఫలితాలు ప్రకటించాక మార్చే పద్ధతి లేదు మాస్టారూ" అన్నారు. ఆ పద్ధతి గురించే నలుగురి ముందూ మాట్లాడదామని ఇలా రాస్తున్నాను. మీ సంఘం పేరు గానీ పోటీ జరిగిన కళాశాల పేరు గానీ ఎక్కడా రాయను. మిమ్మల్ని రచ్చకీడ్చడం నా ఉద్దేశం కాదు. పైగా ఈ తప్పులో మూడో వంతు నాది.

అంశం మంచిదే ఎంచుకున్నారు. వేదిక వెనక ఫ్లెక్సీ మీద "యుద్ధం నైతికంగా తప్పనిసరి కాగలదా?" అని పెద్ద అక్షరాలతో వేయించారు. ఇరవై రెండు మంది పిల్లలు. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు, ఐదో నిమిషానికి ఒక గంట, ఆరో నిమిషానికి రెండు గంటలు. పేరు నమోదు చేసుకునే కాగితంలో రెండు గళ్లు ఉన్నాయి: అనుకూలం, ప్రతికూలం. ఏదో ఒకదానిలో టిక్కు పెట్టాలి. పద్నాలుగు మంది మొదటి గడిలో పెట్టారు, ఏడుగురు రెండో గడిలో. పన్నెండో నంబరు అమ్మాయి కాగితంలో రెండు గళ్లూ ఖాళీగా ఉన్నాయి. మరచిపోయి ఉంటుందిలే అనుకున్నాం.

అనుకూలంగా మాట్లాడినవారి గొంతులు వింటుంటే 2025 మే నెలలో పాకిస్తాన్‌తో పోరు నడిచినప్పుడు టీవీ ముందు కూర్చున్న రాత్రులు గుర్తుకొచ్చాయి. అప్పుడు కొన్ని స్టూడియోలు సైరన్ మోగించి మరీ వార్తలు చదివాయి. చివరికి పౌర రక్షణ సైరన్లను కార్యక్రమాల్లో వాడవద్దని కేంద్ర హోం శాఖ చానళ్లకు చెప్పవలసి వచ్చింది. పిల్లల తప్పేమీ లేదు, చెవిన పడిందే నోట పలికింది. ఒక అబ్బాయి బల్లను పిడికిలితో ఎంత గట్టిగా గుద్దాడంటే మంచినీళ్ల సీసా దొర్లి నా కాగితాలు తడిశాయి. హాలంతా చప్పట్లు. అతనికే మనం రెండో బహుమతి ఇచ్చాం.

ప్రతికూలంగా మాట్లాడిన ఏడుగురిలో ఐదుగురు అశోకుడితో మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారు, లక్షన్నర మందిని బందీలుగా పట్టుకుపోయారు, మరెన్నో రెట్లు ఆ తర్వాత నశించారు. ఈ లెక్కలన్నీ అశోకుడే తన పదమూడో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. పశ్చాత్తాపం కూడా అక్కడే ఉంది. పిల్లలు ఇంతవరకు చెప్పి కూర్చున్నారు. ఆ శాసనంలోనే అడవి జాతుల వారికి, పశ్చాత్తాపపడుతున్నా నాకు శక్తి ఉంది సుమా అని హెచ్చరిక ఉందని ఎవరూ చెప్పలేదు. గెలిచిన కళింగను తిరిగి ఇచ్చేయలేదని చెప్పలేదు. అన్నిటికన్నా నన్ను ఏళ్లుగా వెంటాడే సంగతి ఇంకొకటి. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆ పదమూడో శాసనం ఉంది. కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడల్లో లేదు. అక్కడ దాన్ని వదిలేసి వేరే శాసనాలు చెక్కించాడు. నీ వాళ్లను లక్ష మందిని చంపాను, బాధపడుతున్నాను అన్న మాట ఊరందరికీ చెప్పి, దెబ్బ తిన్నవాడికి మాత్రం చెప్పలేదు. రాజనీతి కావచ్చు. నాకు మాత్రం ఆ ఖాళీ బండ, చెక్కిన బండ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇక పన్నెండో నంబరు. నీలం రంగు పంజాబీ డ్రెస్సు, చేతిలో కాగితం లేదు, మైకు ఎత్తు సరిచేసుకోవడానికే అర నిమిషం పోయింది. "గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు" అన్న మాటలు కూడా లేకుండా వాళ్ల తాతమ్మ కాలి కడియాల గురించి మొదలుపెట్టింది. 1948 ఎండాకాలంలో, అప్పటి నిజాం రాజ్యంలోని హుజూర్‌నగర్ పక్క పల్లె నుంచి ఆ కుటుంబం ఎడ్లబండి మీద రాత్రిపూట బయల్దేరింది. తాతమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. కడియాలు చప్పుడు కాకుండా వాళ్లమ్మ వాటికి పాత చీర పేలికలు చుట్టింది. ఎడ్ల మెడలో గంటలు విప్పేశారు. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు అంతకు వారం ముందు పక్క ఊరిలో గడ్డివాములు తగలబెట్టి ఇద్దరిని చంపారు. బండి జగ్గయ్యపేట చేరాక కడియాల పేలికలు విప్పారట. అక్కడి నుంచి బెజవాడ వచ్చి ఒక సత్రంలో నాలుగు నెలలు ఉన్నారు. సెప్టెంబరులో నిజాం మీదికి భారత సైన్యం వెళ్లింది, ఐదు రోజుల్లో అంతా అయిపోయింది, వీళ్లు దసరా దాటాక ఊరికి తిరిగి వెళ్లారు.

ఊరిలో ఒక దర్జీ ఉండేవాడు. ముస్లిం. ఊరు విడిచిపోయే ముందు తాతమ్మకు పరికిణీ కుట్టడానికి కొలతలు తీసుకున్నాడు. తిరిగి వెళ్లేసరికి ఆయన ఇల్లు లేదు. కాలిన గోడల మధ్య కుట్టు మిషను చక్రం ఒక్కటి మిగిలింది. ఆయనకు రజాకార్లతో ఏ సంబంధమూ లేదని ఊరందరికీ తెలుసు. చంపింది పరాయివాళ్లు కాదనీ ఊరందరికీ తెలుసు. ఆ పిల్ల ఇంత చెప్పి, గంట మోగుతుండగా అన్న మాటలు నేను అప్పుడే కాగితం మీద రాసుకున్నాను:

"సైన్యం రాకపోయి ఉంటే మా తాతమ్మ లేదు. సైన్యం వచ్చాక దర్జీ లేడు. తాతమ్మ చనిపోయేదాకా ఈ రెండు సంగతులూ కలిపే చెప్పేది, ఒకటి చెప్పి ఒకటి ఆపేది కాదు. ఇప్పుడు మీరు నన్ను ఏ గడిలో టిక్కు పెట్టమంటారు?"

చప్పట్లు కొట్టాలో లేదో జనానికి తెలియలేదు. న్యాయనిర్ణేతలం ముగ్గురిలో పెద్దాయన మైకు తీసుకుని మెత్తగానే అడిగారు: "బాగుందమ్మా. ఇంతకీ అనుకూలమా, ప్రతికూలమా?" ఆ పిల్ల "రెండూ కాదు సార్" అని, కాసేపాగి "రెండూనేమో సార్" అంది. జనం నవ్వారు. ఆమె దిగి వెళ్లి చివరి వరుసలో కూర్చుంది.

పక్క గదిలో మార్కులు కూడుతున్నప్పుడు పెద్దాయన "గోడ మీద పిల్లి" అన్నారు. నిబంధన ప్రకారం అంశానికి కట్టుబడనివారికి సున్నా వేయాలి. రెండో ఆయన కూడా సరేనన్నారు. నేను కొంత వాదించాను, ఎక్కువ కాదు. నిర్వాహకుల్లో ఒకరు తలుపు దగ్గర నిలబడి, ముఖ్య అతిథి వెళ్లిపోతానంటున్నారని రెండుసార్లు గుర్తు చేశారు. నేను రబ్బరు తీసుకుని నా అంకె చెరిపి సున్నా రాసి సంతకం పెట్టాను. విజయవాడ నుంచి గుంటూరుకు బస్సు ఎప్పుడు పడితే అప్పుడు దొరుకుతుంది కాబట్టి, బస్సు తప్పిపోతుందని తొందరపడ్డాననే సాకు కూడా నాకు లేదు.

బస్సు కనకదుర్గ వారధి ఎక్కాక కిటికీలోంచి కృష్ణను చూస్తూ కూర్చున్నాను. పెద్దాయన మాట చెవిలో తిరుగుతూనే ఉంది. గోడ మీద పిల్లి ఎటు లాభముంటే అటు దూకడానికి కూర్చుంటుంది. ఈ పిల్ల ఎటు దూకినా తమ ఇంటి మనిషి ఒకరు తన కాళ్ల కింద పడతారని చెప్పింది. ఈ రెండింటికీ తేడా తెలుసుకోలేనివాణ్ణి న్యాయనిర్ణేత అని ఎలా అంటారు?

ఆమె ఎంచుకున్న ఉదాహరణ మన ఊళ్లదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బెజవాడలో ఉంటూ ఇది తెలియనివారు ఇప్పుడు ఎక్కువమందే. 1947 నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం యథాతథ ఒప్పందం చేసుకున్నారు, ఏడాది గడువు పెట్టుకున్నారు. ఆ ఏడాదిలో మాటలు సాగుతూనే ఉన్నాయి, రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ దళాలు పెరుగుతూనే ఉన్నాయి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో ఊరి బురుజు ఎక్కి ఎదిరించినవాళ్లను కాల్చి చంపారు. సరిహద్దు దాటి మన వైపు వచ్చినవారితో సత్రాలు, బడులు, బంధువుల వసారాలు నిండిపోయాయి. సరిహద్దు అన్నానే గానీ అదీ తిన్నగా లేదు. నందిగామ దాటి బెజవాడ వచ్చే దారిలో పరిటాల ఉందే, చుట్టూ అప్పటి కృష్ణా జిల్లా, ఆ ఊరు మాత్రం నిజాం సొత్తు. ఒకప్పటి వజ్రాల గనుల కోసం అట్టేపెట్టుకున్న ముక్క. హైదరాబాదు వైపు వెళ్తూ ఈ రోజు మనం టీ తాగడానికి ఆగే రోడ్డు మీద అప్పట్లో ఒక రాజ్యం వచ్చి, పోయి, మళ్లీ వచ్చేది.

సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. పెద్ద దండు సోలాపూర్ వైపు నుంచి, తూర్పున ఇంకొకటి మన బెజవాడ వైపు నుంచి. 17న నిజాం లొంగిపోయాడు. ప్రభుత్వం దానికి పోలీసు చర్య అని పేరు పెట్టింది. ట్యాంకులు వేసుకుని వెళ్లే పోలీసులను నేను ఇంకెక్కడా చూడలేదు. ఇది మా ఇంటి వ్యవహారం, ఐక్యరాజ్య సమితి కలగజేసుకోనక్కర్లేదు అని చెప్పడానికి ఆ పేరు అవసరమైంది, అర్థం చేసుకోగలను. చిక్కేమిటంటే, యుద్ధమని ఒప్పుకోకపోతే యుద్ధంలో పోయినవాళ్ల లెక్క కూడా ఎవరూ అడగరు.

అడిగినవారు లేకపోలేదు. ఢిల్లీ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. వాళ్లు నవంబరు చివర నుంచి డిసెంబరు మూడో వారం దాకా ఊళ్లు తిరిగారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా పోయిన ప్రాణాలు 27 వేల నుంచి 40 వేలు ఉంటాయని, ఇది తగ్గించి వేసిన లెక్కేనని రాశారు. అందులో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. మన పక్కనున్న నల్గొండ కూడా ఆ నివేదికలో ఉంది. కొన్నిచోట్ల సాయుధ బలగాల వారే చేతులు కలిపారని రాశారు, సైన్యం మొత్తంమీద క్రమశిక్షణతో నడుచుకుందని కూడా రాశారు. పంపినందుకు నెహ్రూ ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. కానీ ఆ నివేదిక దశాబ్దాల పాటు బీరువాలోనే ఉండిపోయింది. ధౌళి బండ మీద పదమూడో శాసనం లేకపోవడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

సైన్యాన్ని పంపకుండా ఉండవలసిందా? నా అభిప్రాయం అడిగితే, పంపవలసిందే. అప్పటికే తెలంగాణ రైతులు సొంతంగా తుపాకులు పట్టి పోరాడుతున్నారు. ఇంకో ఏడాది మాటలతో గడిపితే ఎన్ని బైరాన్‌పల్లులు జరిగేవో. అయితే వచ్చిన పని ఐదు రోజుల్లో అయిపోయాక కూడా వచ్చినవాళ్లు తిరిగి వెళ్లలేదు. రజాకార్లను అణచడానికి పోయిన తుపాకులు అదే రైతుల వైపు తిరిగాయి, 1951లో సాయుధ పోరాటం విరమించేదాకా. తప్పనిసరి అన్న మాటకు కాలపరిమితి ఉంటుంది. అది ఏ తారీఖుతో తీరిపోయిందో యుద్ధం చేసినవాడు తనంతట తాను చెప్పిన సందర్భం నాకు తెలిసి చరిత్రలో బహు అరుదు.

యుద్ధం ఎప్పుడు న్యాయం అన్న ప్రశ్నకు పడమటి తత్వవేత్తలు ఒక పట్టిక తయారుచేసి పెట్టారు. కారణం న్యాయంగా ఉండాలి, మిగతా దారులన్నీ మూసుకుపోవాలి, దెబ్బ తగుమాత్రంగా ఉండాలి, ఆయుధం పట్టనివాడిని తాకకూడదు. మంచి పట్టికే. మన పిల్లల్లో ఇద్దరు ముగ్గురు దాన్ని అప్పజెప్పారు కూడా. కానీ మిగతా దారులు మూసుకుపోయాయా లేదా అన్నది తేల్చుకోవడానికి మనకు ఇంటి మాట ఒకటి ఉంది: రాయబారం. ఐదుగురికి ఐదూళ్లు చాలన్నాడు ధర్మరాజు. అర్ధరాజ్యం హక్కున్నవాడు ఐదూళ్లకు దిగాడు. యుద్ధం ఆపడానికి నువ్వు ఎంత నష్టపోవడానికి సిద్ధపడ్డావు అన్నదే కొలత. ఎదుటివాడు ఒప్పుకోలేనివే ఏరి అడిగితే దాన్ని రాయబారం అనరు. 2003లో ఇరాక్‌లో ఆయుధాల కోసం తనిఖీ చేస్తున్న ఐక్యరాజ్య సమితి వారు ఇంకొన్ని నెలలు కావాలన్నారు. అమెరికా ఆగలేదు. ఏ ఆయుధాల కోసమని వెళ్లారో అవి దొరకనే లేదు. ఆ యుద్ధం గురించి ఇంతకన్నా రాయడం దండగ.

రాయబారం అనగానే మన పక్క ఒక సరదా ఉంది. తెనాలిలోనూ గుంటూరులోనూ రాత్రంతా కూర్చుని పౌరాణిక నాటకాలు చూసినవాణ్ణి. కృష్ణుడు ఐదూళ్లు అడిగే పద్యానికి వన్స్ మోర్ అన్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు. యుద్ధం వస్తే మీ గతి ఇదీ అని బెదిరించే పద్యానికి మాత్రం మూడుసార్లు పాడించేవాళ్లం. నేనూ ఈల వేశాను. రాగం అలాంటిది మరి.

ఈల వేయని చోటు కూడా ఉంది. పల్నాటి కారెంపూడిలో కార్తీక మాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఐదు రోజులకు ఐదు పేర్లు. యుద్ధాన్ని కొలిచే ఉత్సవంలో రాయబారానికి ఒక రోజంతా ఇచ్చారు, అన్ని కులాలూ ఒకే చాప మీద తిన్న చాపకూటిని ఇంకొక రోజు తలుచుకుంటారు. రాయబారం వెళ్లిన అలరాజుకు దారిలో విషం పెట్టారని వీరగాథ చెబుతుంది. ఆ తర్వాతే నాగులేటి ఒడ్డున సవతి అన్నదమ్ముల పక్షాల వారు ఒకరినొకరు నరుక్కున్నారు. పన్నెండో శతాబ్దపు సంగతి. బ్రహ్మనాయుడు చేసింది తప్పనిసరి యుద్ధమా కాదా అని పల్నాడులో ఇప్పటికీ వాదులాడుకుంటారు, నాగమ్మ పక్షం వహించేవారూ ఉన్నారు. కానీ ఉత్సవం ఆఖరి రోజున, ఊళ్ల నుంచి ఆయుధాలు మోసుకొచ్చిన ఆచారవంతుల ముఖాలు చూశాను. నేను చూసింది గెలిచినవాళ్ల ఊరేగింపు కాదు. తద్దినం పెట్టేటప్పుడు ఇంట్లో ఉండే నిశ్శబ్దం లాంటిది డప్పుల మధ్య కూడా ఉంటుంది.

1971 నాటికి నాకు పదేళ్లు. డిసెంబరు చలిలో మా నాన్న బల్బుకు నల్ల కాగితం చుట్టి, వెలుతురు గుండ్రంగా నేల మీద మాత్రమే పడేలా చేశారు. ఆ వెలుతురు చుట్టూ కూర్చుని రేడియో వినేవాళ్లం. విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందన్న వార్తకు మా వీధిలో టపాకాయలు కాల్చారు, దీపాలు ఆర్పమన్న రోజుల్లోనే. తర్వాత చదువుకుంటే తెలిసింది. అప్పటికి దాదాపు కోటి మంది, ఇప్పటి బంగ్లాదేశ్ అయిన తూర్పు బెంగాలు నుంచి మన దేశంలోకి వచ్చి పడ్డారు. మార్చి నుంచి డిసెంబరు దాకా ప్రపంచ దేశాలన్నిటి గుమ్మాలూ ఎక్కి దిగాం. అయినా డిసెంబరు 7న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో యుద్ధం ఆపాలన్న తీర్మానానికి అనుకూలంగా 104 ఓట్లు, వ్యతిరేకంగా 11. ఆ పదకొండులో ఒకటి మనది. పన్నెండో నంబరు అమ్మాయికి సున్నా వేసినప్పుడు గదిలో మెజారిటీ మనదే అని కూడా పెద్దాయన అన్నారు, ఆ అంకెలు నాకు అప్పుడు గుర్తు రాలేదు, బస్సులో వచ్చాయి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, 93 వేల మంది మన చేతికి చిక్కారు. అది తప్పనిసరి యుద్ధమేనని నేను ఈ రోజుకీ అంటాను. అక్కడి ఉర్దూ మాట్లాడే బిహారీ ముస్లింలను గెలుపు తర్వాత ఎంతమందిని చంపారో, మిగిలినవారి మనవలు ఇప్పటికీ ఢాకా శిబిరాల్లో ఎలా బతుకుతున్నారో కూడా అదే ఊపిరిలో అనాలి. దర్జీ కథే మళ్లీ.

ప్రతికూలం గడిలో టిక్కు పెట్టిన ఏడుగురూ నన్ను క్షమించాలి, మీ వైపు ఓటు కూడా నేను పూర్తిగా వేయలేను. 1994లో రువాండాలో ఐక్యరాజ్య సమితి దళం రెండున్నర వేల మంది ఉండగానే హత్యాకాండ మొదలైంది. అప్పుడు దళాన్ని పెంచవలసింది పోయి 270కి తగ్గించాలని నిర్ణయించారు. సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది పోయారు. ఆ చావుల్లో చాలా వరకు కొడవళ్లతో, దుడ్డుకర్రలతో. కొద్దిపాటి సైన్యం అడ్డం నిలిచినా ఆగేవి. అక్కడ యుద్ధం చేయకపోవడమే చేతికి అంటిన రక్తం. గాంధీ పేరు చెప్పి ఊరుకోవడం కూడా కుదరదు. పిరికితనం, హింస ఈ రెండే మిగిలితే హింసనే ఎంచుకోమంటానని 1920లో రాసింది ఆయనే. మరుసటి ఏడాది మార్చి నెలాఖరున బెజవాడ కాంగ్రెసు సమావేశానికి వచ్చాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి సైనికుడిగా వెళ్లివచ్చిన పింగళి వెంకయ్య ఆయన చేతిలో జెండా పెట్టింది అప్పుడే. అహింస గురించి అంత తెలిసిన మనిషికి ఒక గడిలో టిక్కు పెట్టడం చేతకాలేదు. పందొమ్మిదేళ్ల పిల్లకు చేతకాలేదని సున్నా వేశాం.

తెలుగులో తప్పనిసరి అన్న మాట ఉంది చూడండి, అందులో తప్పూ వినిపిస్తుంది, సరీ వినిపిస్తుంది. వ్యుత్పత్తి అది కాదని తెలుగు మాస్టార్లు నా మీదికి వస్తారు, తప్పించుకోలేనిది అనే అర్థమని నాకూ తెలుసు. అయినా చెవికి పట్టింది పోదు. మీ ఫ్లెక్సీ మీద ఆ మాటే ఉంది. పద్నాలుగు మంది అందులో సరిని మాత్రమే విన్నారు, ఏడుగురు తప్పును మాత్రమే విన్నారు. ధర్మయుద్ధం అని మనం వాడే మాటకు కూడా ఇదే గతి పట్టింది. ధర్మం అని పేరు పెట్టుకున్నాక ఇక లెక్క చూసుకోనక్కర్లేదు అనుకుంటున్నాం. భారతం అలా అనుకోలేదు. రాత్రి యుద్ధం వద్దు, ఆయుధం లేనివాణ్ణి కొట్టవద్దు అని ముందే కట్టుబాట్లు చేసుకుని దిగారు. పద్దెనిమిది రోజుల్లో వాటిని రెండు పక్షాలూ తెంచేశాయి. ధర్మరాజు రథం నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచేదట. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా, ఏనుగని మెల్లగా అన్న క్షణాన చక్రాలు నేల మీదికి దిగాయి. ఆ అబద్ధం లేకపోతే ద్రోణుడు అస్త్రసన్యాసం చేసేవాడు కాదు, యుద్ధం గెలిచేవారూ కాదు. కథ చెప్పినవాడు ధర్మరాజును గెలిపించాడు, రథాన్ని మాత్రం మళ్లీ పైకి లేపలేదు. మా నానమ్మ ఈ కథ చెప్పినప్పుడు అరచేతిని చాప మీంచి నాలుగు వేళ్ల ఎత్తున పట్టుకుని, ఈ మాట దగ్గర టపీమని కింద పెట్టేది.

ఆ అమ్మాయి ఆరు నిమిషాల్లో చెప్పింది ఇదే. సైన్యం వెళ్లడం తప్పు అనలేదు. దర్జీ చావు చిన్న విషయం అనలేదు. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని కొట్టేయమని అడిగితే ఒప్పుకోలేదు. యుద్ధం కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ మైకు ముందు ఎంతైనా అరవవచ్చు, ఖర్చు ఎవరో పెడతారు. ఈ పిల్ల తన ఇంటి ఖర్చు బయట పెట్టి మాట్లాడింది. హాలులో ఇంకెవరూ ఆ పని చేయలేదు, న్యాయనిర్ణేతలతో సహా.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. గెలిచిన ముగ్గురి బహుమతులు వెనక్కు తీసుకోమని అనను, వాళ్లు మీరు పెట్టిన నిబంధన ప్రకారమే గెలిచారు. మీరు ఇచ్చిన పారితోషికం కవరును అలాగే తిరిగి పంపుతున్నాను. దానితో పన్నెండో నంబరుకు ఒక ప్రశంసాపత్రం అచ్చు వేయించి, పోస్టులో కాకుండా వాళ్ల కళాశాలకు మీలో ఒకరు వెళ్లి ఇవ్వండి. నన్ను రమ్మంటే నేనూ వస్తాను, ఆ పిల్లకు నేను చెప్పవలసింది నేరుగా ఆమెకే చెప్పాలి, గుంటూరులో కూర్చుని కాగితం మీద చెక్కితే చెల్లదు. వచ్చే ఏడు అంశం ఏదైనా పెట్టుకోండి, నమోదు కాగితంలో ఆ రెండు గళ్లు తీసేయండి. మరీ తీయలేమంటే పక్కన కొంచెం తెల్ల జాగా వదలండి, ఎవరికైనా రాసుకోవలసింది ఉంటే రాసుకుంటారు. శాలువా మాత్రం తిరిగి పంపడం లేదు, మా ఆవిడ కుర్చీ మీద వేసింది.

మార్కుల షీట్లు ఏడాది పాటు దాచి ఉంచుతామని మీరే చెప్పారు. నాది తీసి ఒకసారి చూడండి. పన్నెండో నంబరుకు ఎదురుగా సిరాతో సున్నా ఉంటుంది. దాని కింద నేను మొదట పెన్సిలుతో వేసిన అంకె ఉంది, యాభైకి నలభై మూడు. రబ్బరుతో తుడిచాను గానీ పెన్సిలు కాస్త ఒత్తి రాసే అలవాటు నాది. కాగితాన్ని వెలుతురుకు వాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది.

ఇట్లు,
మీ ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణి,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.